వాగు చిప్ప, అడవి జీడి

దుబ్బయ్యను అబద్ధాలకోరు అనకూడదు. అబద్ధం ఆడేవాడికి అందులో ఏదో ఒక లాభం ఉంటుంది. దుబ్బయ్య కోసిన కోతల వల్ల ఆయనకు గవ్వంత లాభం రాలేదు, వచ్చిందల్లా నష్టమే. అయినా మానలేదంటే దేవుడు నోరు కుట్టేటప్పుడు రెండు కుట్లు తక్కువ వేశాడని ఆయన భార్య సాయవ్వ అనేది. అన్నప్పుడల్లా కోపంగానే అనేది, కానీ ఆ కోపం పొద్దు గూకేదాకా నిలిచేది కాదు.

సిద్దిపేట ఊరి చివర, చింతమడక బాట మొదట్లో వాళ్ల ఇల్లు. ఇంటి పక్కనే సున్నపు బట్టీ. ఎండాకాలం కూడవెల్లి వాగు మడుగులు ఇంకిపోతుంటే మొగుడూ పెండ్లాం కొడుకూ బురదలో దిగి, కాళ్లతో తడిమి ఆల్చిప్పలు ఏరుకొచ్చేవాళ్లు. వాటిని ఆరబెట్టి, బట్టీలో ఒక వరుస కట్టెలు, ఒక వరుస చిప్పలు పేర్చి కాలిస్తే సున్నం తయారు. తమలపాకులోకి ఆ సున్నమే, గోడలకు ఆ సున్నమే. జర్మనీ లడాయి నడుస్తున్న రోజులవి. అంగట్లో కిరసనాయిలు దొరికేది కాదు, బట్ట దొరికేది కాదు, వాగు పుణ్యాన సున్నానికి మాత్రం కొరత రాలేదు.

కొరత వచ్చింది కోడలికి. కొడుకు ఇస్తారికి పెండ్లి ఈడు వచ్చి దాటిపోతోంది. పిల్లవాడు నెమ్మదస్తుడు, పని చేస్తే ఇద్దరి పెట్టు. సంబంధం చూడవచ్చినవాళ్లు వాణ్ణి చూసి మెచ్చుకునేవాళ్లు, తండ్రి మాటలు విని లేచిపోయేవాళ్లు. కిందటేడు ములుగు నుంచి వచ్చినవాళ్లతో, తన బట్టీ పొగ చూసి గోల్కొండలో మబ్బు పట్టిందనుకుని కల్లంలో వడ్లు ఎత్తుకున్నారని చెప్పాడు. వాళ్లు కడుపు నిండా నవ్వి, కడుపు నిండా తిని, ఇంటికి పోయి కబురు పంపారు. మామ నోట నిజం నిలవని ఇంటికి పిల్లనిస్తే, రేపు పిల్లకు జ్వరమొచ్చిందని ఆ ఇంటి నుంచి కబురొచ్చినా నమ్మేదెట్లా అన్నారు. ఆ మాట సాయవ్వ గుండెలో దిగిపోయింది. వాళ్లన్నదాంట్లో తప్పు లేదు, అదే ఆమె బాధ.

ఇప్పుడు వస్తున్నది జగదేవ్‌పూర్ సంబంధం. ఆ పిల్ల పేరు బాలవ్వ. పిల్లను సాయవ్వ తన కళ్లతో చూసింది, కొమురవెల్లి జాతరలో. ఆ తొక్కిసలాటలో సాయవ్వ నెత్తిమీది బోనం ఒరిగితే, ఎవరో ముక్కూ మొఖం తెలియని పిల్ల వెనక నుంచి చెయ్యి అడ్డం పెట్టి, మెట్ల దాకా అట్లాగే పట్టుకుని నడిచింది. ఎవరి బిడ్డవని అడిగేలోపు జనంలో కలిసిపోయింది. ఊరూ పేరూ ఆరా తీయడానికి సాయవ్వకు మళ్లీ జాతర దాకా పట్టింది. కోడలంటూ వస్తే ఆ పిల్లే రావాలని ఆమె పట్టుదల. ఈ సంబంధం కూడా మొగుడి నోటికి బలైపోతే ఇక తను బతికి ఉండగా ఇంట్లో పసుపు బట్టలు చూడదు.

అందుకని ఆ పొద్దున మొగుణ్ణి బట్టీ దగ్గరికి తీసుకుపోయి, దాని మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది.

"ఇయ్యాల నీ నోరు సిప్ప లెక్క ఉండాలె. ఏమడిగినా ఆఁ అను, లేకుంటె ఊఁ అను. ఇంకొకటి అన్నవో, నేను మా అవ్వగారింటికి పోత," అంది.

దుబ్బయ్య నిండు మనసుతోనే ఒట్టు పెట్టాడు. ఆయనకు కొడుకంటే ప్రాణం. ముందటి సంబంధం తప్పిపోయిన రోజు ఆయన బట్టీ పక్కన ఒక్కడే కూర్చుని అన్నం కూడా తినలేదని సాయవ్వకు తెలుసు.

పొద్దెక్కేసరికి బండి వచ్చింది. పిల్ల తండ్రి లక్ష్మీరాజం దిగాడు, ఆయన తల్లి ఎల్లవ్వ దిగింది. వాళ్లది జీడి వ్యాపారం. తినే జీడిపప్పు కాదు, అడవిలో కాసే నల్లజీడి. చాకలివాళ్లు ఆ గింజను సూదితో గుచ్చి, నల్లటి రసంతో బట్టల అంచున గుర్తులు పెడతారు. బట్ట చిరుగుతుంది కానీ గుర్తు పోదు. రసం ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలే. లక్ష్మీరాజం అడవి చుట్టుపక్కల గింజలు ఏరించి, ఊరూరా చాకలివాళ్లకూ మందుల దుకాణాలకూ అమ్ముతాడు. సంపాదించేది ఆయనే అయినా ఆ ఇంట్లో మాట చెల్లేది ముసలామెదే. పిల్లనిచ్చేదీ లేనిదీ ఆమె తేల్చాలి.

అరుగు మీద గొంగడి పరిచారు. పక్కింటి సాంబయ్య పెద్దమనిషిగా వచ్చి కూర్చున్నాడు. ఇస్తారి కాళ్లకు నీళ్లిచ్చి, చల్ల ఇచ్చి, సిగ్గుపడుతూ బట్టీ దగ్గరికి పోయాడు. సాయవ్వ తలుపు వెనక, సందులోంచి అరుగంతా కనబడేట్టు నిలబడింది.

మొదట అంతా బాగానే నడిచింది. వాగులో ఈసారి నీళ్లున్నాయా అని లక్ష్మీరాజం అడిగాడు. దుబ్బయ్య ఆఁ అన్నాడు. ఏడాదికి ఎన్నిసార్లు బట్టీ కాలుస్తారన్నాడు. ఊఁ అన్నాడు. మీ తోడబుట్టినవాళ్లు ఎక్కడుంటారంటే మళ్లీ ఆఁ అన్నాడు. పిల్లవాడికి ఇంకేమైనా పని వచ్చా అని అడిగితే, పాపం, ఆఁ అనాలో ఊఁ అనాలో తేలక తలుపు సందు వైపు చూశాడు. లక్ష్మీరాజం మొఖం ముడుచుకుంది. ఎల్లవ్వ ఆకుకు సున్నం రాస్తూ రాస్తూ తల తిప్పింది.

"బిడ్డా, లోపటున్నవా? నీ మొగనికి చెవుడా, లేకుంటె మేమచ్చుడు ఇష్టం లేదా?" అంది.

సాయవ్వకు ఒక పక్క గండి పూడిస్తే ఇంకో పక్క కట్ట తెగినట్టయింది. తలుపు తీసుకుని బయటికి వచ్చి, కొత్తవాళ్లంటే ఆయనకు కొంచెం సిగ్గని చెప్పింది. అది విని సాంబయ్య తాగుతున్న చల్ల ముక్కులోకి పోయి దగ్గాడు. ఇక తప్పేది లేక సాయవ్వ మొగుడి వైపు తిరిగి, చిటికెన వేలు కొస చూపిస్తూ, "సిప్పల ముచ్చట జర చెప్పరాదు. గింత," అంది.

ఆ వేలి కొసంత సందు చాలు దుబ్బయ్యకు. అయినా న్యాయంగా చెప్పాలంటే ఆయన మొదలుపెట్టింది పద్ధతిగానే.

"చెప్పుకునేటంత గొప్ప ఏం లేదత్తా. పోయిన ఎండకాలం మడుగుల దిగిన. కాలికి ఒక సిప్ప తాకింది. తీసి చూస్తె నా అరచెయ్యంత ఉన్నది. గంతే."

ఇది నిజం. ఆ చిప్ప ఇప్పటికీ వంటింట్లో ఉంది, సాయవ్వ దానితోనే జొన్న గటక వండిన కుండ గోకుతుంది. ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుంది. లక్ష్మీరాజం కూడా మొఖం విప్పాడు. కాబోయే వియ్యంకుణ్ణి కొంచెం ఆట పట్టించాలని ఆయనకూ సరదా పుట్టింది. అరచేతంత చిప్ప పెద్దదే కానీ ఎంత పెద్దదైనా చిప్ప చిప్పే కదా బావా అన్నాడు. మా జీడిచెట్టును చూడు, బండరాళ్ల మీద, చుక్క నీరు లేని చోట నిటారుగా నిలబడుతుంది, అన్ని చెట్లూ గింజను పండులో దాచుకుంటే ఇది పండు కొసకు బయట తగిలించుకుని ఎవడొస్తాడో రమ్మంటుంది, మీ చిప్పేమో బురదలో మూతి ముడుచుకుని పడుంటుంది అన్నాడు.

దుబ్బయ్యను ఏమన్నా పడతాడు. చిప్పను అంటే పడడు. తాతనాటి నుంచీ తమకు బువ్వ పెట్టిన జీవం అది. గొంగడి మీద ముందుకు జరిగి కూర్చున్నాడు.

"బావా, నీ చెట్టు ఎన్నేండ్లదో తెలువాలంటె దాన్ని నరికి లోపటి గీతలు సూడాలె. సిప్ప ఏండ్లు మీదనే గీసుంటయి, సదువురాని నేను గుడ సదువుత. చెట్టు మొలిచినకాడ్నే సస్తది. సిప్పకున్నది ఒక్క కాలు, గా ఒక్క కాలితోటే బురదల బాట గీసుకుంట పోతది. నీ జీడి ఎంత నలుపైనా, మీద మా సున్నం నీళ్లు పడకుంటె గుర్తు కుదురుతదా?"

కుదరదని లక్ష్మీరాజం ఒప్పుకున్నాడు. సున్నం తగిలితేనే జీడి మరక బట్టను గట్టిగా పట్టుకుంటుందని ఆయనకు బాగా తెలుసు. ఎల్లవ్వ కూడా తల ఊపింది. సాయవ్వకు మొగుణ్ణి చూస్తే ముచ్చటేసింది. ఇంత నిజాన్ని ఇంత అందంగా చెప్పగలిగినవాడికి కోతలెందుకు చెప్పండి. అక్కడ ఆగితే బంగారమే. కానీ లక్ష్మీరాజం బాగా చెప్పావు బావా అన్నాడు. ఆ మెప్పుతోనే పని చెడింది.

"అరచెయ్యంత అన్ననా? అది పిల్ల బావా. దాని తల్లి ముచ్చట ఇంక చెప్పలే," అన్నాడు దుబ్బయ్య.

సాయవ్వ కళ్లు మూసుకుంది. సాంబయ్య గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు.

"గా పిల్లను తీసి గంపల ఏసిన్నా లేదా, కాళ్ల కింద భూమి కదిలింది. ఏందిరా అని వంగి సూస్తె నేను నిలవడ్డది బురద మీద గాదు, సిప్ప మీద. చాటంత ఉంటదనుకుంటరు, చాట గాదు, మంచమంత. మంచమంటె నులక మంచం గాదు, దొరల పట్టెమంచాలు రెండు కలిపినంత. గటెన్క ఏమైందో ఎరికేనా? నోరు తెరిచి నా కాలు పట్టింది."

"కాలు ఇరగలేదా బావా?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఇరుగుతుండె. కని సిప్ప గుణం నాకు ఎరికేనాయె. గుంజితె బిగవడ్తది. అందుకని నేను గుంజలే, నేనే దాని లోపటికి పోయిన. లోపట ఏమున్నది అంటరా, పెండ్లి పందిరున్నట్టున్నది. గోడలన్ని తళతళ మెరుస్తున్నయి. నా మొఖం నాకు కనవడ్తున్నది. రుమాలు సక్కగ సుట్టుకున్న, మీసం దువ్వుకున్న. గంతల అది నడుసుడు మొదలువెట్టింది. ఒక్క కాలితోటి, కుంటుకుంట, వాగు దాటింది, చెలకలు దాటింది. అది పోయిన జాడ సూసి భూములు కొలిచే గిర్దావర్ సాబు కొత్త సడక్ పడ్డదనుకోని రెండు దిక్కుల హద్దురాళ్లు పాతిచ్చిండు. ఇప్పటికీ ఉన్నయి, నాతోని వస్తె సూపిస్త."

"నేను సూసిన," అన్నాడు సాంబయ్య. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు, మాట అట్లా దొర్లిపోయింది.

"పోయి పోయి ఏడికి పోయింది? మీ ఊరి అడివికి బావా. జగదేవ్‌పూర్‌కు ఉత్తరం దిక్కు."

ఉత్తరం దిక్కు అడవి లేదని, అవన్నీ జొన్న చెలకలని లక్ష్మీరాజం అన్నాడు.

"ఇప్పుడు లేదు. గప్పుడు ఉండె. అడివంటె అడివి గాదు, ఒక్కటే జీడిచెట్టు, అదే అడివంత. దాని కొమ్మల మీద మేకలు మేస్తుంటె కింద ఉన్నోళ్లకు గంటల సప్పుడు ఇనవడుడే గని మేకలు కనవడయి. గా చెట్టు మా సిప్పను సూసింది. బురదల పురుగా, నా నీడల నీకేం పని అన్నది. సిప్ప ఊకుంటదా? మొలిచిన జాగ దాటనిదానివి, ఊరు సూసొచ్చినదాన్ని నన్నంటవా అన్నది. మాటా మాటా పెరిగింది. ఎవలు గొప్పనో తేల్చనీకె పెద్దమనిషి గావాలె. సుట్టుపక్కల మనిషెవలున్నరు? నేనే."

లక్ష్మీరాజం ఇప్పుడు నవ్వు ఆపుకోవడం లేదు. సాయవ్వ మాత్రం ఎల్లవ్వ మొఖాన్నే చూస్తోంది. ముసలామె కళ్లు మూసుకుని ఆకు నములుతోంది. వింటోందో, నిద్రపోతోందో తెలియదు. ఆమె మనసులో ఏముందో కనిపెట్టడానికి సాయవ్వ చిన్న ఆనవాలు కోసం వెతుకుతోంది, ఒక్కటీ దొరకలేదు. మొగుడి భుజం పట్టుకుని లోపలికి లాక్కుపోదామనిపించింది, కానీ వియ్యంకుల ముందు ఆడది అట్లా చేస్తే దానికంటే పెద్ద అప్రదిష్ట ఉండదు.

"పంద్యం ఏందంటె, చెట్టు అన్నది, నా రసం తగిలితె బండరాయి గుడ పొక్కుతది. సిప్ప అన్నది, నా కడుపుల పొయ్యి, సూద్దాం. పోసింది. ఒక కొమ్మనుండి గాదు, కొమ్మకొమ్మనుండి, వాగు వచ్చినట్టు వచ్చింది నల్లటి రసం. సిప్ప అంతా పట్టుకోని టప్పున నోరు మూసింది. మూసింది మంచిదే, కని లోపట నేనున్న గద. మోకాళ్ల దాక వచ్చింది, నడుం దాక వచ్చింది, మెడ దాక వచ్చింది. ఏం జెయ్యాలె? తాగిన. గీ సల్ల తాగినట్టు తాగిన. దోసెడు గాదు, కుండెడు గాదు, బట్టీ నిండ పట్టేటంత. సున్నంల పుట్టి సున్నంల పెరిగిన పెయ్యి గద, పెదవి మీద ఒక్క పొక్కు లేవలే."

ఎల్లవ్వ ఒక కన్ను తెరిచింది. సాయవ్వ ఆ కన్ను చూసింది. దుబ్బయ్య చూడలేదు, ఆయన అప్పటికి చాలా దూరం పోయాడు.

చెట్టు ఓడిపోయి తలవంచిందని, చిప్ప తన పని అయిపోయిందని సంతోషంగా ప్రాణం విడిచిందని చెప్పాడు. దాన్ని పన్నెండు బండ్లు కట్టి సిద్దిపేటకు తెచ్చాడట. వారం కాల్చాడట. వచ్చిన సున్నంతో తన ఇంటికి వేశాడు, వాడకు వేశాడు, తాలూకా కచేరీకి వేశాడు, దారిన పోతూ పోతూ చింతమడక ఊరంతటికీ వేశాడు, అడ్డం వచ్చిన ఎడ్లకు కూడా వేశాడు. ఇప్పుడు ఊళ్లో తెల్లెడ్లు ఎక్కువున్నాయంటే అదే కారణమట.

"ఇంక మిగిలింది. పారవోస్తె పాపం. ఏం జేద్దామని మీదికి సూసిన. పున్నమి. సందమామ జర మాసినట్టు కనవడ్డది. నిచ్చెన ఏసిన."

"ఎంత నిచ్చెన?" అన్నాడు సాంబయ్య.

"ఎంత గావాల్నో గంత. పోయి రెండు పూతలు ఏసిన. దిగినంక మా చాకలి ఐలవ్వ సూసి, అయ్యో దుబ్బన్నా, గింత తెల్లగ జేసి గుర్తు పెట్టకుంటె ఎట్ల, వేరే ఊరోళ్ల సందమామల కలిసిపోతది గద అన్నది. జీడిగింజ, సూది పట్టుకోని తనే నిచ్చెనెక్కింది. సందమామ మీద గా నల్ల మచ్చలు ఏందనుకుంటున్నరు మరి? బావా, సున్నం మాది, జీడి మీది. ఇగ ఎవలు గొప్పనో మీరే చెప్పున్రి."

లక్ష్మీరాజం రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. నవ్వీ నవ్వీ ఆయనకు పక్కనొప్పి వచ్చింది. చివర్లో జీడికీ ఒక పాలు ఇచ్చినందుకు ఆయన మనసు నిండినట్టే కనబడింది. గండం గడిచిందేమోనని సాయవ్వ ఒక్క క్షణం ఆశపడింది.

ఎల్లవ్వ నవ్వలేదు. నమిలిన ఆకు పక్కకు ఉమ్మి, మూతి తుడుచుకుని, కొంగు ముడి విప్పింది. సంబంధానికి బయలుదేరేటప్పుడు దిష్టి తగలకుండా ఒక జీడిగింజ కొంగున కట్టుకోవడం వాళ్ల ఇంటి పద్ధతి. ఆ నల్లటి గింజను తీసి దుబ్బయ్య అరచేతిలో పెట్టింది.

"అల్లుడా, మాది జీడి ఇల్లు. వియ్యమందేటోనికి జీడి పడుతదా లేదా మేం సూసుకోవాలె గద. నువ్వు బట్టీడు తాగినన్నవు. నేను ఒక్క గింజనే ఇస్తున్న. కొరుకు. కొరికితె పిల్లనిచ్చినట్టే. లేకుంటె రాజం బండి కడుతడు."

ఆమె గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. లక్ష్మీరాజం నవ్వు ఆపి, అవ్వా అనబోతే నువ్వు ఊకో అంది. సాంబయ్య కాళ్లు ముడుచుకుని సరిగ్గా కూర్చున్నాడు.

దుబ్బయ్య మొదట నవ్వాడు. గింజను చూశాడు. తర్వాత ఆయన చూపు బట్టీ వైపు పోయింది. అక్కడ ఇస్తారి ఖాళీ గంప చేత్తో పట్టుకుని ఇటే చూస్తూ నిలబడి ఉన్నాడు. దుబ్బయ్య మొఖంలో నవ్వు పోయింది. గింజను ధోవతి అంచుకు రుద్ది నోటి దగ్గరికి తెచ్చాడు.

కొరుకుతాడని సాయవ్వకు అర్థమైంది. ఈ మనిషి కొడుకు కోసం నిజంగా కొరుకుతాడు. జీడి ఆయన్ను ఏం చేస్తుందో ఈ లోకంలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నోరు విప్పి చెబితే మొగుడు అందరి ముందు అబద్ధాలకోరు అవుతాడు, బండి కడతారు, ఆ పిల్ల ఈ గడప తొక్కదు. చెప్పకపోతే పిల్ల వస్తుంది. ఇదంతా ఆమె ఆలోచించిందంటే ఆలోచించింది, కానీ కాళ్లు ఆలోచన కోసం ఆగలేదు. పోయి మొగుడి చేతిలో గింజను లాక్కుంది.

"ఆయనకు జీడి పడదవ్వా. మా లగ్గం నాడు నీడ ఉన్నదని జీడిచెట్టు కింద నిలవడ్డడు. గంతే, రసం గుడ తగలలే. పుస్తె కట్టే యాళ్లకు మొఖం గుమ్మడికాయంత వాచి రెండు కండ్లు మూసుకపోయినయి. మా ఆడిబిడ్డ చెయ్యి పట్టి ముడి ఏపిచ్చింది. ఆయన ఇప్పటిదాక చెప్పిందంత ఉత్తదే. సిప్ప అరచెయ్యంతనే. మీరు పిల్లనియ్యకున్న మంచిదే, గీ గింజ ఆయన నోట్లెకు పోనియ్య."

పాతికేళ్లుగా పక్కింట్లో ఉండి దుబ్బయ్య కథలన్నీ విన్న సాంబయ్య, ఈ ఒక్క కథ ఎన్నడూ వినలేదు. దుబ్బయ్య తలవంచుకుని ధోవతి అంచు చూసుకుంటున్నాడు. తల్లి అన్న మాట ప్రకారం లక్ష్మీరాజం బండి వైపు పోవడానికి లేచాడు. సాయవ్వకు ఏడుపు వచ్చింది. అప్పుడు గమనించింది, ముసలామె ఎడమచెయ్యి దుబ్బయ్య మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది. గింజ కొరకనీయకుండా ఎప్పటి నుంచి పట్టుకుందో ఏమో.

ఎల్లవ్వ ఆ చెయ్యి వదిలేసి, సాయవ్వ గుప్పిట విప్పి గింజ తీసి మళ్లీ కొంగున ముడివేసుకుంది. సాయవ్వను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"కండ్లు ఎన్నడు తెరిచిండు?" అంది.

"నాలుగొద్దులకు. నువ్వులు నూరి, వెన్నల కలిపి నేనే పూసిన."

"తెరిచి నిన్ను సూసి ఏమన్నడు?"

సాయవ్వ కళ్లు తుడుచుకుంది. ఇంతమందిలో చెప్పాలంటే సిగ్గేసింది, కానీ ఇప్పుడు దాచుకోవడానికి ఇంకేం మిగిలింది.

"జీడి తగిలి గాదు, నీ మొఖం ఎలుతురు తగిలి వాచినయి అన్నడు."

"నవ్వినవా?"

"నవ్విన."

"అయితె తప్పు నీదే," అంది ఎల్లవ్వ.

సాంబయ్య నవ్వాడు, ఎవరూ తనతో నవ్వకపోయేసరికి ఆపాడు. ఎల్లవ్వ కొడుకును పిలిచి, ఎడ్లను విప్పి నీళ్లు పెట్టమంది. లక్ష్మీరాజానికి అర్థం కాలేదు. పిల్లవాడి తండ్రి గింజ కొరకలేదు కదా అని గొణిగాడు.

"వాడు సందమామకు సున్నం కొట్టినా, సూర్యునికి ఎర్ర జాజు పూసినా నా మనుమరాలికి వచ్చేది లేదు, పోయేది లేదు. మామతోని దానికేం పని. పొద్దంత అది ఉండేది అత్త కాడ. ఇంటి పరువని నోరు మూసుకునే అత్తనో, మనిషి పానం కోసం నోరు తెరిచే అత్తనో సూద్దామని వచ్చిన. రేపు నా పిల్లకు బాగలేకుంటె ఉన్నదున్నట్టు కబురు పంపే మనిషి గీ ఇంట్ల ఒకరున్నరు. నాకు గంతే గావాలె," అంది ఎల్లవ్వ. తర్వాత సాయవ్వ వైపు తిరిగి, "లగ్గం ఎన్నడు పెట్టుకుందాం బిడ్డా?" అని అడిగింది.

దుబ్బయ్య తలెత్తి నోరు తెరిచాడు.

"నువ్వు ఊకో," అన్నారు ఆడవాళ్లిద్దరూ.